కేడీ 205 కప్లర్ హైట్ గేజ్ రివ్యూ: గూడ్సు పెట్టెలు ఊడిపోతున్నాయా, పట్టాలు దిగిపోతున్నాయా, అయితే ముందు ఇది కొనండి

ముందే చెప్పేస్తున్నా, ఇంట్లో హెచ్ఓ స్కేల్ బొమ్మ ట్రైన్ సెట్ ఉండి, గూడ్సు పెట్టెలు మధ్యలో ఊడిపోవడం, మలుపు దగ్గర పట్టాలు దిగిపోవడం అనే తలనొప్పి పడుతున్నవాళ్ళు ఎవరున్నా సరే, కొత్త ఇంజన్ కొందామా కొత్త ట్రాక్ కొందామా అని ఆలోచించే ముందు కేడీ కంపెనీ 205 నంబర్ కప్లర్ హైట్ గేజ్ కొనుక్కోండి. కప్లర్ అంటే పెట్టెని పెట్టెకి తగిలించే కొక్కెం, దాని ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూసేది ఈ గేజ్. పట్టాల మీద పెట్టే చిన్న లోహపు ముక్క, అంతే, అరచేతిలో పట్టేస్తుంది, ఒక మంచి కొత్త వ్యాగన్ ధర కన్నా తక్కువకే వస్తుంది. దాంతో పాటు అదే కంపెనీ 148 నంబర్ మెటల్ కప్లర్లు కూడా మా పెట్టెలకి వేశాం కాబట్టి రెండిటి గురించీ కలిపి రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిక చేసుకుని చదవండి, ఎందుకంటే పెట్టె ఎందుకు ఊడుతుందో తెలియకుండా గేజ్ ఒక్కటి కొని షెల్ఫులో పెడితే ఏం లాభం లేదు.

మేం ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. బి.ఎన్.ఎస్.ఎఫ్ గూడ్సు లైన్ ఊళ్ళోంచే పోతుంది, మా పాపకి ఆ బళ్ళు చూసి చూసి రైలు పిచ్చి పట్టింది, క్రిస్మస్‌కి స్టార్టర్ సెట్ ఒకటి తీసుకున్నాం. ఏ కంపెనీదో చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. ఇంజను, దానితో వచ్చిన నాలుగైదు పెట్టెలు ఉన్నంతవరకు బానే తిరిగింది. తర్వాత అక్కడో ట్యాంకర్, ఇక్కడో బాక్స్‌కార్, ఎవరో అమ్మేస్తుంటే కొన్న పాత హాపర్లు, ఇలా రైలు పొడుగయ్యే కొద్దీ గొడవ మొదలైంది. ఇక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చాలామంది దగ్గర ఇదే జరుగుతుంది, సెట్ కొంటారు, నెల తిప్పుతారు, రెండు పెట్టెలు ఊడితే పిల్లలకి విసుగొచ్చి అది అటక ఎక్కేస్తుంది. ఇంజన్ బాలేదనో, ట్రాక్ చీప్‌ది అనో అనుకుంటారు. నా అభిప్రాయం అయితే పది సమస్యల్లో ఎక్కువ భాగం ఇంజన్‌వీ కాదు ట్రాక్‌వీ కాదు, రెండు పెట్టెల మధ్య ఉన్న ఆ చిన్న కొక్కెంవే.

మా దగ్గర ఏం జరిగేదంటే, రెండు ప్లైవుడ్ షీట్లు కలిసే చోట ట్రాక్ కాస్త పైకి లేస్తుంది. ఇంజన్ ఆ గట్టు దాటేది, మొదటి పెట్టె దాటేది, రెండోది దాటుతుంటే దాని నకుల్ (కప్లర్ చివర పిడికిలిలా ఉండే భాగం) మూడో పెట్టె నకుల్ మీదకి మెల్లగా జారేది. కళ్ళు దగ్గర పెట్టి చూస్తే భలే కనపడుతుంది, రెండు పిడికిళ్ళు పట్టుకున్నట్టు ఉన్నవి ఒకటి పైకి ఒకటి కిందకి జరిగి జరిగి చివర్లో టక్కుమని విడిపోతాయి. ముందు సగం వెళ్ళిపోతుంది, వెనక సగం అక్కడే ఉంటుంది, ఇంజన్ ఒక రౌండ్ కొట్టి వచ్చి వెనక నుంచి దాన్నే గుద్దేస్తుంది. అంటే ఊడిపోవడం ఒక సమస్య, దాని వల్లే పట్టాలు తప్పడం రెండో సమస్య.

ఎందుకు జారుతుంది అంటే, నకుల్ కప్లర్ డిజైనే అలాంటిది. ఈ డిజైన్‌కి పేటెంట్ తీసుకుంది ఎలై జానీ అనే ఆయన, 1873లో. అంతకుముందు అమెరికాలో లింకు, పిన్ను ఉండేవి, పనివాడు రెండు పెట్టెల మధ్యలో నిలబడి చేత్తో పిన్ను వెయ్యాలి, వేళ్ళు పోయినవాళ్ళు, ప్రాణాలు పోయినవాళ్ళు లెక్కలేనంతమంది, అందుకే 1893లో చట్టం చేసి ఆటోమేటిక్ కప్లర్లు, ఎయిర్ బ్రేకులు తప్పనిసరి చేశారు. మన ఇండియా గూడ్సు బళ్ళకి ఉండే సి.బి.సి (సెంటర్ బఫర్ కప్లర్) కూడా ఆ వంశమే. ఈ నకుల్ ముందుకీ వెనక్కీ లాగితే ఊడదు, పక్కకి లాగినా ఊడదు, కానీ మామూలు రకంలో పైకీ కిందకీ జరగకుండా ఆపేది పెద్దగా ఏం ఉండదు, పట్టుకుని ఉన్న రాపిడే ఆధారం. నిజం రైల్లో ఆ వెసులుబాటు కావాలి, స్ప్రింగుల మీద పెట్టెలు ఎగురుతూ ఉంటాయి కాబట్టి. అయితే ఎత్తులో తేడా ఒక హద్దు దాటితే జారిపోతుంది. అమెరికాలో ప్రమాదకరమైన కెమికల్స్ మోసే ట్యాంకర్లకి ఇందుకే కప్లర్ పైనా కిందా షెల్ఫు లాంటి అడ్డు పెడతారు, పట్టాలు తప్పినప్పుడు పక్క పెట్టె కప్లర్ పైకి లేచి ట్యాంకుని పొడవకుండా.

ఈ ఎత్తు సంగతి నాకు ముందు చెప్పింది ఏ యూట్యూబ్ వీడియో కాదు, మా బాబాయి. ఆయన వాల్తేరులో క్యారేజ్ అండ్ వ్యాగన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు, కె.కె. (కొత్తవలస-కిరండుల్) లైన్ మీద బైలడిల్లా నుంచి ఇనుప ఖనిజం దింపే 58 బాక్సెన్ పెట్టెల గూడ్సు బళ్ళు ఎన్ని చూసుంటారో. వీడియో కాల్‌లో పాప రైలు చూపిస్తుంటే ఊడిపోవడం చూసి, "ఒరేయ్, ఇంజన్ కాదురా, పెట్టె పెట్టెకీ సెంటర్ ఎత్తు కలవట్లేదు, అదీ నీ ట్రైన్ పార్టింగ్" అన్నారు. నేను "బాబాయ్, బొమ్మ రైలుకి కూడా అంత ఉంటాదా" అంటే "బొమ్మయినా ఇనుమే, బరువే కదరా" అని, మన దగ్గర లెక్క చెప్పారు. ఖాళీ పెట్టెకి పట్టా పై నుంచి కప్లర్ మధ్య దాకా ఎత్తు 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, లోడు పెట్టెకి 1030కి తగ్గకూడదు. చక్రం అరిగినా, స్ప్రింగు కుంగినా ఎత్తు తగ్గిపోతుంది, అప్పుడు ప్యాకింగ్ పెట్టి లేపుతారు. అమెరికాలో కూడా ఇదే పద్ధతి, పైహద్దు 34.5 అంగుళాలు, కింద హద్దు 31.5 అంగుళాలు.

హెచ్ఓ అంటే 87లో ఒక వంతు. ఆ లెక్కన నిజం కప్లర్‌కి వదిలిన మూడు అంగుళాల తేడా మన టేబుల్ మీద ఒక మిల్లీమీటర్ కూడా రాదు. కప్లర్ మధ్య ఎత్తు అంగుళంలో 64కి 25 వంతులు ఉండాలి, అంటే సుమారు పది మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలుద్దాం అంటే కుదరదు, కంటికి ఆనదు. అందుకే గేజ్.

వాడటం చాలా సింపుల్. ట్రాక్‌కి పవర్ ఆపెయ్యాలి, ఇది ముఖ్యం, ఎందుకంటే 205 మొత్తం లోహం, రెండు పట్టాల మీదా ఆనుతుంది, పవర్ ఉంటే షార్ట్ అవుద్ది. తరచుగా ఆపడం కుదరనివాళ్ళకి, డి.సి.సి (పట్టాల్లో ఎప్పుడూ పవర్ ఉండే డిజిటల్ కంట్రోల్) వాడేవాళ్ళకి, ఇన్సులేషన్ ఉన్న 206 అని వేరే మోడల్ ఉంది, అది తీసుకోండి. సమంగా ఉన్న తిన్నని ట్రాక్ ముక్క మీద గేజ్ పెట్టి, పెట్టెని మెల్లగా నెట్టి దాని దగ్గరకి తేవాలి. గేజ్‌కి ఉన్న కప్లర్, పెట్టె కప్లర్ పక్కపక్కన ఒకే వరసలో కనపడాలి. కిందకి ఉంటే ట్రక్ (పెట్టె కింద చక్రాలు ఉండే ఫ్రేమ్) స్క్రూ విప్పి మధ్యలో పల్చటి ఫైబర్ వాషర్ వేస్తే పెట్టె లేస్తుంది, బాబాయి చెప్పిన ప్యాకింగే ఇది. పైకి ఉంటే కప్లర్ తల వెనక ఉండే కడ్డీ వంపు తిరిగి తల కిందకో పైకో ఉండే కప్లర్లు కూడా కేడీలో దొరుకుతాయి, అవి మార్చుకోవచ్చు. మా పాత హాపర్లు దాదాపు అన్నీ కిందకే ఉన్నాయి, ఒక ట్యాంకర్ అయితే ముందు వైపు సరిగ్గా ఉండి వెనక వైపు కుంగి ఉంది, అంటే ఒకే పెట్టెకి రెండు ఎత్తులు. ఆ ట్యాంకర్ ముందు వైపు తగిలిస్తే ఊడదు, తిప్పి తగిలిస్తే ఊడుతుంది, ఇది తెలియక పాప దానికి "మూడీ ట్యాంకర్" అని పేరు కూడా పెట్టేసింది. రెండు వైపులా విడివిడిగా చూడండి, ఒక వైపు చూసి వదిలెయ్యొద్దు.

గేజ్‌లో నాకు బాగా నచ్చింది రెండోది ఉంది. కప్లర్ కింద వంకర తీగ ఒకటి వేలాడుతూ ఉంటుంది, ట్రిప్ పిన్ అంటారు. చూడ్డానికి నిజం రైల్లో ఉండే ఎయిర్ పైపులా కనపడుతుంది కానీ దాని పని వేరు, పట్టాల మధ్య అయస్కాంతం పెడితే ఆ తీగ పక్కకి లాగబడి నకుల్ తెరుచుకుంటుంది, చెయ్యి పెట్టకుండా పెట్టెలు విడదీయొచ్చు. ఈ తీగ కొంచెం కిందకి ఉందంటే పాయింట్ల దగ్గర (రైలు ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోటు), పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట తగులుకుంటుంది. మామూలు ట్రాక్ మీద ఏం కాదు, పాయింటు దగ్గర మాత్రం పెట్టె ఎగిరి పడుతుంది, అందరూ పాయింట్‌ని తిడతారు. గేజ్ కింద చిన్న పెదవి లాంటి అంచు ఉంటుంది, తీగ దాని మీద నుంచి తగలకుండా పోవాలి, తగిలితే ప్లయర్‌తో కొంచెం పైకి వంచాలి. వంచేటప్పుడు కప్లర్ తలని గట్టిగా పట్టుకోండి, లేకపోతే కడ్డీ వంగుతుంది.

ఇక 148 కప్లర్లు. సెట్లతో వచ్చే ప్లాస్టిక్ కప్లర్లు నాలుగైదు పెట్టెలకి చాలు. పాతిక పెట్టెలు లాగితే ముందున్న కప్లర్ మీద మొత్తం బరువు పడుతుంది, ప్లాస్టిక్ కడ్డీ ఆ లాగుడికి వంగి తల కిందకి వాలిపోతుంది, నిలబెట్టి కొలిస్తే ఎత్తు కరెక్టే, నడుస్తుంటే కాదు. 148 లోహం కాబట్టి ఆ బాధ లేదు. కడ్డీకి రెండు వైపులా మీసాల్లాంటి సన్నటి తీగలు ఉంటాయి, అవే దాన్ని మధ్యకి తెస్తాయి, వేలితో పక్కకి తోసి వదిలితే వెంటనే మధ్యకి వచ్చెయ్యాలి. రాకపోతే కప్లర్ కూర్చునే డబ్బాలో ప్లాస్టిక్ పొక్కులు ఉన్నట్టు, సన్న ఫైల్‌తో గీకి పొడి గ్రాఫైట్ కొంచెం వెయ్యండి. నూనె మాత్రం వెయ్యొద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుపోతుంది. డబ్బా మూత కూడా చూసుకోండి, నొక్కి పెట్టే మూతలు నడుస్తూ నడుస్తూ వదులై కప్లర్‌తో సహా రాలిపోతాయి, స్క్రూ ఉన్నదే నమ్మకం. నకుల్‌లో ఉండే స్ప్రింగు మాత్రం చాలా చాలా చిన్నది, ట్వీజర్‌తో కదిపేటప్పుడు పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి చెయ్యండి, కార్పెట్‌లో పడితే దొరకదు.

నిజం గూడ్సులో కూడా నకులే కావాలని కాస్త బలహీనంగా ఉంచుతారు, ఎందుకంటే బలం మితిమీరితే పోవాల్సింది మార్చగలిగే ముక్క కావాలి, పెట్టె కింద ఫ్రేమ్ కాదు. గూడ్సు బయల్దేరేటప్పుడు ముందు నుంచి వెనకదాకా ధడ్ ధడ్ ధడ్ అని పాకుతూ పోయే చప్పుడు వినే ఉంటారు, అది ఒక్కో కప్లర్ దగ్గర ఉన్న వదులు బిగుసుకోవడం. డ్రైవర్ కాస్త తొందరపడినా ఆ కుదుపు వెనక పెట్టెల దగ్గరికి వచ్చేసరికి పెద్దదై పాత పగులు ఉన్న నకుల్‌ని విరిచేస్తుంది. విరిగితే బ్రేక్ పైపు కూడా తెగి గాలి పోతుంది, మన బళ్ళలో 5 కేజీల ప్రెషర్ ఉంటుంది అందులో, గాలి పోగానే రెండు ముక్కలకీ బ్రేకులు వాటంతట అవే పడతాయి. బొమ్మ రైలుకి ఆ సౌకర్యం లేదు. వాలు మీద ఊడిన పెట్టెలు కింద నేల దాకా వెళ్ళిపోతాయి, అందుకే వాలు పెట్టుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా గేజ్ చెయ్యాలి, వాలు మొదలయ్యే చోటా ఆగే చోటా ట్రాక్‌ని ఒక్కసారిగా మడవకుండా మెల్లగా లేపాలి.

గేజ్‌తో అన్ని ఎత్తులూ సరిచేశాక మాకు ఊడిపోవడం పోయింది. మలుపులో పట్టాలు తప్పడం మాత్రం కొంత మిగిలింది, దానికి కారణం బరువు, ఈ గేజ్ చూపించనిది అదే. పాపకి రంగులు చూసి పెట్టెలు పేర్చడం ఇష్టం, ఖాళీ ఫ్లాట్‌కార్లు ఇంజన్ వెనకే, నిండు హాపర్లు చివర్లో. తాడు రెండు చివర్లా లాగితే మధ్యలో తిన్నగా అవుతుంది కదా, మలుపులో రైలు కూడా అలాగే తిన్నగా అవ్వాలని చూస్తుంది, ముందున్న తేలిక పెట్టెలని లోపలి వైపు లాగేస్తుంది. పక్కకి లాగే బలం కిందకి నొక్కే బరువుని మించిపోతే చక్రం అంచు పట్టా ఎక్కేస్తుంది. ఇది బొమ్మల సంగతి మాత్రమే కాదు. 2005 ఆగస్టు 5న కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో, చీకమస్ నది వంతెన దగ్గర సి.ఎన్ వాళ్ళ 144 పెట్టెల గూడ్సులో 9 పెట్టెలు సరిగ్గా ఇలాగే పట్టాలు తప్పాయి, అందులో ఎనిమిది ఖాళీవి, ఒకటి కాస్టిక్ సోడా నిండు ట్యాంకర్. దాదాపు 40,000 లీటర్లు నదిలో కలిసి ఐదు లక్షలకి పైగా చేపలు చచ్చిపోయాయి. విన్నాక పాప చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే బరువు పెట్టెలన్నీ ముందుకి తెచ్చి మళ్ళీ పేర్చింది.

బరువుకి అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్ళ లెక్క ఉంది, హెచ్ఓ పెట్టెకి ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. ఆరు అంగుళాల బాక్స్‌కార్ అంటే నాలుగు ఔన్సులు, మన లెక్కలో 113 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా చాలు. తక్కువైతే కారు చక్రాలకి బ్యాలెన్సింగ్‌కి అంటించే బరువు ముక్కలు బాక్స్‌కార్ లోపల నేల మీద అంటించండి, పైన అంటించొద్దు, పెట్టె ఊగుతుంది. ఆ కాటా ఇంట్లో ఉప్పూ పిండీ తూచడానికి కూడా వాడేదే కాబట్టి వ్యాగన్ పెట్టే ముందు ఒక కాగితం వెయ్యండి.

వెనక్కి నెట్టేటప్పుడే పట్టాలు తప్పుతున్నాయంటే కారణం వేరే ఉంటుంది. పాత సెట్లలో కప్లర్ పెట్టె కిందకి కాకుండా చక్రాల ట్రక్‌కే అతికి ఉంటుంది. ముందుకి లాగితే సుఖంగా పోతుంది, వెనక్కి నెడితే ఆ తోపు నేరుగా ట్రక్ మీద పడి దాన్ని పక్కకి తిప్పేస్తుంది. ఇంకా పాతవాటిలో కొమ్ములాంటి కొక్కెం కప్లర్లు ఉంటాయి, అవి నెట్టినప్పుడు స్వభావం కొద్దీ పక్కకే తోస్తాయి. ఇలాంటివాటికి గేజ్ పెట్టి లాభం లేదు, ట్రక్ నుంచి కప్లర్ కోసేసి పెట్టె అడుగుకి కొత్త డబ్బా స్క్రూ చేసి 148 వెయ్యడమే దారి. అయితే ఒక మాట, కార్లు మోసే పొడుగు పెట్టెలు మాత్రం ఇలా చేశాక 18 అంగుళాల రేడియస్ మలుపులో తిరగవు, కప్లర్ అంత పక్కకి వెళ్ళలేదు, పక్క పెట్టెని లాగేస్తుంది. చోటు లేనివాళ్ళు పొడుగు పెట్టెలు కొనకపోవడమే మంచిది, పిల్లలు ఎంత అడిగినా. ఒక వైపు మలుపు వెంటనే ఇంకో వైపు మలుపు కూడా పెట్టొద్దు, మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని ట్రాక్ ఉండాలి.

స్క్రూడ్రైవర్ ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి ట్రక్కులు కూడా చూసుకోండి. ఒక ట్రక్ స్క్రూ తిరిగేంత మాత్రం వదిలి ఊగకుండా బిగించాలి, రెండోది కాస్త వదులుగా ఊగేలా ఉంచాలి. రెండూ బిగిస్తే ట్రాక్ కొంచెం ఎగుడుదిగుడైనా ఒక చక్రం గాల్లో ఉంటుంది, మలుపులో అదే ఎక్కేస్తుంది. చక్రాల మధ్య దూరానికి అసోసియేషన్ వాళ్ళదే వేరే గేజ్ ఉంది, రేకు ముక్కలా ఉంటుంది, చక్రం అంచులు రెండూ దాని గాడుల్లో పడాలి. పడకపోతే చక్రాన్ని ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ సరిచెయ్యొచ్చు.

రేటింగ్ అంటే 205కి ఐదుకి నాలుగున్నర, 148కి ఐదుకి ఐదు. అర ఎందుకు తగ్గించానంటే ట్రాక్ మీద ఎప్పుడు పెట్టినా పవర్ గుర్తుపెట్టుకుని ఆపాలి, పిల్లలు వాడే ఇంట్లో అది ఇబ్బందే, నన్ను అడిగితే పిల్లలున్నవాళ్ళు నేరుగా 206 తీసుకోండి. ఇప్పుడు మా ఇంట్లో కొత్త పెట్టె ఏది వచ్చినా డబ్బాలోంచి తియ్యగానే ముందు గేజ్ దగ్గరకి, తర్వాత కాటా మీదకి, ఆ తర్వాతే రైల్లోకి, ఆ పనంతా పాపే చూసుకుంటుంది.

ఎన్ స్కేల్ ఉన్నవాళ్ళు ఇది కొనొద్దు, సైజు కుదరదు, దానికి మైక్రో ట్రైన్స్ వాళ్ళ కప్లర్లు, వాటి గేజ్ వేరే ఉన్నాయి. ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు గేజ్ ఒక్కటే కాకుండా ఫైబర్ వాషర్లు, రెండు మూడు ప్యాకెట్ల 148లు, చక్రాల గేజ్ అన్నీ ఒకే పార్సిల్‌లో పెట్టించుకోండి, లేదా ఇటు నుంచి వచ్చే చుట్టాలకి చెప్పండి, సూట్‌కేసులో ఒక మూలకి సరిపోతాయి.